మూడో అంతస్తు వేడి నీళ్లు

హౌగాంగ్, సింగపూర్
ఫిబ్రవరి 6, 2025

నిఖిలకు,

నిన్న బుధవారం ఉదయం ఆరున్నరకు సెంబవాంగ్ నర్సింగ్ హోమ్ మూడో అంతస్తులో వేడి నీళ్లు ఆగిపోయాయి. మీ బాబాయిని స్నానానికి కుర్చీలో కూర్చోబెట్టి నర్సు షవర్ తిప్పితే చన్నీళ్లు పడ్డాయి. కింద థెరపీ పూల్ తలుపుకి మూసేసినట్టు బోర్డు పెట్టారు. ఈ రోజూ అంతే.

ఆ భవనంలో వేడి నీళ్ల ఏర్పాటు గీసింది నువ్వు. అందుకే నీకు రాస్తున్నాను. ఫోన్ చేస్తే "పిన్నీ, ఒక్క నిమిషం" అంటావు. ఆ నిమిషం తర్వాత ఇక మాట్లాడేదంతా నువ్వే. ఈమెయిల్ అయితే చివరిదాకా చదవక తప్పదు.

బాబాయి సంగతి నీకు సగమే తెలుసు. జురాంగ్ ఐలాండ్ ప్లాంట్ నుంచి రిటైరైన ఏడాదికే పక్షవాతం వచ్చింది. కాళ్లు కొంత నయం. కుడిచెయ్యి మాత్రం పిడికిలి బిగుసుకుని ఉంటుంది. పూల్‌లో గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచితే వేళ్లు ఒక్కొక్కటే విడతాయి. అప్పుడు థెరపిస్టు ఆ చేతికి కమ్మీ పట్టిస్తుంది. మార్చి నెలాఖరున పరీక్ష పెడతారు. కుడిచేత్తో కమ్మీ పట్టుకుని లేచి నిలబడితే ఇంటికి పంపుతారు. లేకపోతే అక్కడే ఉంచాలంటున్నారు. "ఈ రెండు నెలలు చెయ్యి మాట వింటుంది ఆంటీ, తర్వాత మొండికేస్తుంది" అని థెరపిస్టు నాతో చెప్పింది. అలాంటి రోజుల్లో నీళ్లు చల్లబడ్డాయి.

మేనేజర్‌ని అడిగాను. "సిస్టమ్ ఓకే ఆంటీ, వెయిట్ లా" అంది. ఆమె ఎదురుగా వేడి వేడి కాఫీ ఉంది.

ఒక మంచి కబురు కూడా ఉంది. ఆ అంతస్తులో ఏసీ చలికి ముసలాళ్లు వణికిపోతున్నారని ఎప్పటినుంచో చెబుతున్నాను కదా. బాబాయి పక్క మంచం ఓబయ్య గారు చెవులకు తువ్వాలు చుట్టుకుని పడుకుంటారు. షిప్‌యార్డులో వెల్డింగ్ చేసిన మనిషి. "ఇంజన్ గదుల్లో కాలినోణ్ని, ముసిలితనంలో ఫ్రిజ్జులో పెట్టినారమ్మా" అంటారు. మొన్న సోమవారం వార్డు మీటింగులో నేనే లేచి మాట్లాడాను. చేతులెత్తమన్నారు. బాబాయి ఎడమచెయ్యి ఎత్తారు. గెలిచాం. ఆ మధ్యాహ్నమే ఏసీ ఆపించి కిటికీలు తీయించాను. ఇప్పుడు ఫ్యాన్ల కింద అందరూ హాయిగా నిద్రపోతున్నారు.

నీళ్ల సంగతి వెంటనే చూడు.

భ్రమరాంబ పిన్ని

*

రెక్యావిక్, ఐస్‌లాండ్
ఫిబ్రవరి 8

పిన్నీ,

బస్సులో వెళ్తూ నీ మెయిల్ చదివాను. బాబాయి గురించి చదివాక మనసు పాడైంది.

ట్రైనింగులో ఊపిరి ఆడట్లేదు. ఇక్కడ నేల కింది వేడి నీళ్లే గొట్టాల్లో ఊరంతా తిరిగి ఇళ్లను వెచ్చగా ఉంచుతాయి. మా హాస్టల్లో బొగ్గు లేదు, గ్యాస్ లేదు. బయట మంచు, లోపల నేను చేతులు లేని చొక్కాతో తిరుగుతున్నాను. మన దగ్గర ఇది ఎందుకు కుదరదని రోజూ ఎవరో ఒకరితో వాదిస్తున్నాను.

మీ భవనం మెషీన్ లెక్కలు ఇక్కణ్ణుంచే చూశాను. ఎక్కడా ఫాల్ట్ లేదు. పంపులు తిరుగుతున్నాయి. ట్యాంకు మాత్రం చల్లగా ఉంది. అంటే నీళ్లు అనుకున్నదానికంటే బాగా ఎక్కువ వాడుతున్నారని నా అనుమానం. మేం షవర్ లెక్కన డిజైన్ చేశాం. మన వాళ్లు బకెట్ నింపుకుని మగ్గుతో పోసుకుంటారు, శనివారం వస్తే తలంట్లు. ఒక్కొక్కరు ఎన్ని బకెట్లు పోసుకుంటున్నారో కాస్త గమనించి చెప్పగలవా?

పూల్ సంగతి నేను మేనేజర్‌తో మాట్లాడతాను. బాబాయికి నమస్కారాలు.

నీ నిఖిల

*

హౌగాంగ్
ఫిబ్రవరి 10

నిఖిలకు,

ఆ భవనంలో బకెట్ లేదు. నాలుగు అంతస్తులూ తిరిగి చూశాను. తుడిచేవాళ్ల దగ్గర ఒకటి ఉంది, ఎర్రది. అందులో ఫినాయిల్ ఉంది.

మూడో అంతస్తు మగవాళ్లలో సగం మంది తమంతట తాము స్నానం చెయ్యలేరు. నర్సులు కుర్చీలో కూర్చోబెట్టి షవర్ పడతారు. పన్నెండు మందిలో మన వాళ్లు నలుగురు. మిగిలిన వాళ్లు చైనీస్, మలయ్. తలంటు పోసుకునే ఓపిక ఎవరికీ లేదు. జుట్టే లేదు కొందరికి. నీ అనుమానం అటు ఎలా పోయిందో నాకు తెలుసు. ఏదైనా చెడితే ముందు మన వాళ్ల అలవాట్ల మీద పడటం ఈ ఊళ్లో ఆఫీసుల్లో నేర్చుకుంటారు. నేను బ్యాంకులో ఫిర్యాదుల విభాగంలో ఇరవై ఏళ్లు కూర్చున్నాను. "కస్టమర్ సరిగా వాడలేదు" అని రాసేసి ఫైలు మూసేవాళ్లను రోజూ చూశాను. ఆ వాక్యం మా అక్క కూతురు నాకు రాస్తుందని అనుకోలేదు.

ఐదు రోజుల నుంచి నర్సు కెటిల్లో నీళ్లు కాచి మీ బాబాయికి ఒళ్లు తుడుస్తోంది. పూల్ తెరవలేదు. నిన్న థెరపిస్టు బొటనవేలు విప్పడానికి ప్రయత్నిస్తే ఆయన నోటినుంచి ఒక శబ్దం వచ్చింది. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆ శబ్దం నేను వినలేదు.

ఇంకో సంగతి. లిఫ్ట్ పక్కన పోస్టరు పెట్టారు. "ఈ భవనంలో వేడి నీళ్లు ఉచితం, వృథా అయ్యే వేడితోనే." దాని మీద నీ ఫొటో, నీ పేరు. నవ్వుతున్నావు. గో అంకుల్ అని మూడో అంతస్తులో ఒకాయన ఉన్నారు, టాక్సీ నడిపేవారు. ఆయన ఆ ఫొటో చూపించి, "ఆంటీ, దిస్ యువర్ నీస్ ఆ? టెల్ హర్ వాటర్ కోల్డ్ లా" అన్నారు. లిఫ్ట్‌లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

ఇట్లు,
భ్రమరాంబ
(పిన్ని అని రాయబుద్ధి కావట్లేదు)

*

రెక్యావిక్
ఫిబ్రవరి 12

పిన్నీ,

బకెట్ల మాటకు క్షమించు. నీ మొదటి మెయిల్‌లో చివరి భాగం ఈ రోజే చదివాను. ఆ రోజు బస్సు దిగాల్సిన చోటు వచ్చింది, "మంచి కబురు" అన్నావు కదా, తీరిగ్గా చదువుదామని వదిలేశాను.

నీళ్లు చల్లబడింది నువ్వు ఏసీ ఆపించడం వల్ల.

కోపం తెచ్చుకోకుండా చదువు. ఏసీ గదిని చల్లబరచడం అంటే గదిలో వేడిని తీసి బయట పారేయడం. ఏ భవనం వెనక నిలబడినా ఆ వేడి గాలి మొహానికి కొడుతుంది. మేం చేసిందల్లా ఆ పారేసే వేడిని పట్టుకుని స్నానాల నీళ్లలోకి ఎక్కించడం. మీ అంతస్తు ఏసీ వేడే మీ స్నానాలకీ, కింద పూల్‌కీ. అది తిరిగితేనే వేడి. సోమవారం మధ్యాహ్నం ఏసీ ఆగింది. ట్యాంకులో ఉన్న నీళ్లు మంగళవారం అంతా వచ్చాయి. బుధవారం ఉదయానికి అయిపోయాయి. మధ్యలో ఒక రోజు గడిచింది కాబట్టి ఎవరికీ రెండూ కలిపి చూడాలని తోచలేదు, నాతో సహా. సింగపూర్‌లో ఏసీ ఆపమనేవాళ్లు ఉంటారని మా టీములో ఎవరూ ఊహించలేదు.

కానీ పిన్నీ, ఆపించే ముందు నన్నొక్క మాట అడగాల్సింది. ఏదైనా ఆపే ముందు మమ్మల్ని అడగమని మెషీన్ గది తలుపు మీదే రాసి ఉంటుంది. ఇంతమంది స్నానాలతో ముడిపడిన పనికి చేతులెత్తించి ఓటు పెట్టడమేమిటి?

మేనేజర్‌కి అంతా వివరంగా రాశాను. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. పోస్టరు సంగతి నాకు తెలియదు. ఆ ఫొటో ఎవరిచ్చారో కనుక్కుంటాను.

నిఖిల

*

హౌగాంగ్
ఫిబ్రవరి 17

నిఖిలకు,

సర్దుకుంది. శుక్రవారం నుంచి మూడో అంతస్తులో కిటికీలు మూసి, ఏసీ ఇరవై డిగ్రీల మీద పెట్టారు. మునుపు ఇరవై నాలుగు ఉండేది. ఆగిన రోజులకు కూడా కలిపి వేడి తయారు చెయ్యాలట. రాత్రీ పగలూ తిరుగుతోంది. నీళ్లు వేడిగా వస్తున్నాయి. పూల్ తెరిచారు.

పన్నెండు మంది ముసలాళ్లు రెండేసి దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. మీ బాబాయికి మంకీ టోపీ కావాలన్నారు. సెంబవాంగ్‌లో మంకీ టోపీ ఎక్కడ దొరుకుతుంది? లిటిల్ ఇండియా దాకా వెళ్లి, కాశీ యాత్రకు పోయేవాళ్ల కోసం పెట్టుకున్నవాటిలో ఒకటి తెచ్చాను. బయట ఎండ మండిపోతోంది. ఆ టోపీ పట్టుకుని ట్రైన్‌లో కూర్చుంటే నామీద నాకే కోపం వచ్చింది.

పూల్‌లో ఆయన వేళ్లు విడుతున్నాయి. వార్డుకి తీసుకొచ్చిన పది నిమిషాలకే మళ్లీ బిగుసుకుంటున్నాయి. పొద్దున చేసిన పని పొద్దునే పోతోంది. మొన్నటి నుంచి ఆయన పూల్‌కి రానంటున్నారు. "తడిసొచ్చి ఆ చలిలో పడుకోవడం నావల్ల కాదు భ్రమరా, వదిలెయ్" అన్నారు. జురాంగ్ ఐలాండ్‌లో ముప్పై ఏళ్లు షిఫ్టులు చేసిన మనిషి వదిలెయ్ అన్నారు.

మేనేజర్ దగ్గరికి వెళ్లాను.

"చలిగా ఉందమ్మా, ఇరవై నాలుగు చెయ్యండి" అన్నాను.

"క్యానాట్ లా ఆంటీ. యు వాంట్ హాట్ వాటర్, మస్ట్ హావ్ ఏసీ. యువర్ నీస్ ఆల్సో సే."

గోడ మీద కాగితం చూపించింది. నువ్వు రాసిన ఉత్తరంలోంచి ఒకే వాక్యం పెద్ద అక్షరాలతో అచ్చు వేయించింది: వేడి నీళ్లు కావాలంటే ఏసీ నడుస్తూ ఉండాలి. కింద నీ పేరు. ఇంతకుముందు పోస్టరు మీద నీ ఫొటో ఒక్కటే ఉండేది, ఇప్పుడు నీ మాట కూడా గోడెక్కింది.

వార్డులో సగం మంది నా వల్ల నీళ్లు పోయాయంటున్నారు. మిగతా సగం నా వల్లే చలి ఎక్కువైందంటున్నారు. ఓబయ్య గారు మాత్రం నిన్ను అడిగారు. "నీళ్లు కావల్లంటే సలి, సలి వద్దంటే నీళ్లు లేవు. యా కాలేజీలో సదివిందమ్మా మీ పాప?" అన్నారు. నేను కాలేజీ పేరు చెప్పలేదు. పరువు దాని ఒక్కదానికైనా మిగలనీ అనుకున్నాను.

ఓటు ఎందుకు పెట్టావని అడిగావు. చలి వేస్తోంది కాబట్టి పెట్టాను. మనుషులు ఉండే గది గురించి మనుషుల్ని అడగడం తప్పని నీకు ఎవరు నేర్పారో రాయి.

ఆ వేడి ఉచితమని మీరంటున్నారు. అది ఎవరి ఒంట్లోంచి తీస్తున్నారో నేను శుక్రవారం నుంచి చూస్తున్నాను.

భ్రమరాంబ

*

రెక్యావిక్
ఫిబ్రవరి 20

పిన్నీ,

మేనేజర్‌కి నేను రాసిన మెయిల్ మొత్తం దీనితో పంపుతున్నాను. ఆ వాక్యం తర్వాత ఇంకా ఉంది. "కాబట్టి ఏసీ వద్దనుకునే రోజుల కోసం రెండో వేడి మార్గం వెంటనే పెట్టండి. అది పెట్టేదాకా కరెంటు హీటర్ అద్దెకు తెప్పించండి. ముసలివాళ్లను చలిలో ఉంచి నీళ్లు కాచడం ఈ డిజైన్ ఉద్దేశం కాదు." ఆమె మొదటి వాక్యం అతికించి మిగిలింది వదిలేసింది. అది నా పేరు మీద గోడకు ఉందని తెలిసి రాత్రి అన్నం తినలేదు.

ఇంకో సంగతి నీకు తెలియాలి. నేను గీసిన మొదటి డిజైన్‌లో వేడి రెండు చోట్ల నుంచి వస్తుంది. ఏసీ నుంచి సగం, నేల నుంచి సగం. మీరు ఆదివారాలు కాళ్లు పెట్టుకుని కూర్చునే హాట్ స్ప్రింగ్ పార్కు ఉంది కదా, కోడిగుడ్లు ఉడకబెట్టుకుంటారు. ఆ నీళ్లను వేడెక్కించే రాయి ఈ భవనం కిందికీ వచ్చింది. భవనం కట్టేటప్పుడు వెనక తోటలో బోరు వేసి చూశాం. స్నానాలకీ పూల్‌కీ చాలినంత వేడి నీళ్లు పడ్డాయి. అవి నేరుగా వాడేవి కావు. ఒక గొట్టంలో బావి నీళ్లు, దాన్ని ఆనుకుని ఇంకో గొట్టంలో మన నీళ్లు. వేడి మాత్రమే ఇటు మారుతుంది, బావి నీళ్లు చల్లబడి మళ్లీ కిందికే పోతాయి. ఇక్కడ ఐస్‌లాండ్‌లో భవనాల్ని వెచ్చబరిచేదీ చాలాచోట్ల ఇలాగే.

భవనం కాంట్రాక్టు తీసుకున్న మా కంపెనీ దాన్ని కొట్టేసింది. ఏసీ వేడి ఎలాగూ ఊరికే వస్తోంది, పంపు ఎందుకు అన్నారు. పంపు పెడితే కరెంటు వాడకం పెరిగి, భవనానికి వచ్చే ఎనర్జీ మార్కులు తగ్గుతాయట. రెండో దారి లేకుండా కట్టొద్దని నేను మీటింగులో చెప్పాను. మినిట్స్‌లో ఉంది. మొన్న డిసెంబర్‌లో మళ్లీ అడిగాను. తర్వాతి నెలలోనే నన్ను ఈ ట్రైనింగుకి పంపారు. ఇప్పుడు ఆ మార్కులతోనే కరెంటు పొదుపు అవార్డుకి అప్లై చేశారని ఆఫీసులో ఒకతను నిన్న చెప్పాడు. డిజైనర్‌గా నా పేరే పెట్టారు. నన్ను అడగలేదు. అందుకే ఆ పోస్టరు.

ఓటు గురించి నేను రాసింది తప్పు. గీసే ముందు మీ అంతస్తులో చేతులెత్తించాల్సింది మేము.

భవనం వెనక్కి వెళ్లి చూడు. గుండ్రటి సిమెంటు మూత ఉండాలి. దాని మీద ఏదైనా కట్టేశారేమో చెప్పు. కట్టకపోతే చెయ్యగలిగింది ఉంది.

నిఖిల

*

హౌగాంగ్
ఫిబ్రవరి 27

అమ్మడూ,

మూత ఉంది. ఏమీ కట్టలేదు. మేం వెళ్లేసరికి దాని మీద మూడు పిల్లులు పడుకుని ఉన్నాయి. ఓబయ్య గారిని చక్రాల కుర్చీలో తోసుకెళ్లాను. గో అంకుల్ కర్ర పట్టుకుని వెనకే వచ్చారు. ఓబయ్య గారు వంగి అరచెయ్యి ఆనించి, "ఇంత ఎచ్చన ఈడ పెట్టుకుని, మనకేమో మంకీ టోపీలా?" అన్నారు. ఆయనకీ నేను తెచ్చిపెట్టిన టోపీ తీసి మూత మీద పెట్టారు. మళ్లీ తలకు పెట్టుకోలేదు.

నీ మెయిల్ మొత్తం ప్రింటు తీసి, గోడ మీద ఆ ఒక్క వాక్యం కాగితం పక్కనే అంటించాను. ఎవరూ తీయలేదు. మంగళవారం మళ్లీ మీటింగ్ పెట్టమన్నాం. కంపెనీ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. బావి మంచి ఆలోచనే కానీ వచ్చే ఏడాది బడ్జెట్‌లో చూడాలన్నాడు.

"అవార్డు వాళ్లు ఎప్పుడొస్తారు?" అని అడిగాను.

"మార్చి పన్నెండు, ఆంటీ."

"ఎన్నింటికి?"

"పదింటికి."

"మంచిది. పది గంటలకి మేం పన్నెండు మందిమీ దుప్పట్లు కప్పుకుని లాబీలో కూర్చుంటాం. ఉచితంగా వచ్చే వేడి ఎక్కణ్ణుంచి వస్తోందని ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటాం."

వాడు నవ్వాడు. ఎవరూ తిరిగి నవ్వలేదు. గో అంకుల్ తన దుప్పటి ఎత్తి చూపించి, "ఐ బ్రింగ్ టూ. ఆల్సో క్యాన్" అన్నారు. మేనేజర్ ఆ కుర్రాణ్ని బయటకి పిలిచింది. గంటకి మళ్లీ వచ్చారు. బావికి పంపు, వేడి మార్చే పెట్టె అద్దెకు తెచ్చి ట్రయల్ వేస్తామన్నారు. అంతదాకా ఏసీ ఇరవై నాలుగు చేశారు. ఒట్టి మాటలు కావని సంతకాలు చేయించుకున్నాను.

వాళ్ల మెలిక ఏమిటో తెలుసా? ట్రయల్ అవార్డు అయ్యాక పద్నాలుగో తారీకున అన్నారు. ముందే కావాలన్నాను. నీతో మాట్లాడి చెప్తామన్నారు. నువ్వు సరే అంటే పద్నాలుగు. నువ్వు సరే అంటే ఇక నాకు రాయకు.

మీ బాబాయి పూల్‌కి వస్తున్నారు. చూపుడువేలు, మధ్యవేలు విడుతున్నాయి. మిగతా రెండు వేళ్లకీ బొటనవేలికీ ఇంకా సమయం కావాలి. నెల ఉంది.

నీ పిన్ని

*

రెక్యావిక్
మార్చి 5

పిన్నీ,

పద్నాలుగుకి ఒప్పుకోలేదు. నిన్న కంపెనీ వాళ్లతో రెండు గంటలు కాల్‌లో ఉన్నాను. అవార్డు అప్లికేషన్‌లోంచి నా పేరు తీసేయమని రాసి ఇచ్చాను. దాని కాపీ అవార్డు కమిటీకి కూడా పంపాను. తీస్తే, ఎందుకు తీశారో వాళ్లు చెప్పుకోవాలి. అక్కడ దిగొచ్చారు. ట్రయల్ పన్నెండునే, కమిటీ ఎదుటే.

వాళ్లు చివరిదాకా అడిగింది ఒకటే, ట్రయల్ రోజు ఏసీ కూడా పక్కన నడవనివ్వమని. బావి సరిగా పని చెయ్యకపోయినా నీళ్లు వేడిగా వస్తాయి, ఎవరికీ తెలియదు. కుదరదన్నాను. ట్యాంకులో పాత వేడి ఉండిపోతే అప్పుడూ ఇదే మోసం జరుగుతుంది. మొదటిసారి మనందర్నీ తప్పుదారి పట్టించింది ఆ ట్యాంకే. అందుకని రెండు రోజుల ముందే ఏసీ ఆపేయాలి, ట్యాంకు పూర్తిగా ఖాళీ చెయ్యాలి. మిగిలిన కాస్త వేడి స్నానాలకే చాలుతుంది, పదకొండున పూల్ ఉండదు. బాబాయికి ముందే చెప్పు, మళ్లీ మోసపోయామనుకుంటారు.

బావి పని చేస్తుందా అని అడుగుతావు. కాగితం మీద చేస్తుంది. బోరు రెండేళ్లుగా మూసి ఉంది. గొట్టంలో ఏమైనా పేరుకుని ఉంటే నీళ్లు తక్కువ రావచ్చు. అలా అయితే ఆ ఉదయం పూల్ చల్లగానే ఉంటుంది, కమిటీ అదే చూస్తుంది. అందుకూ నేను సంతకం పెట్టాను.

సెలవు ఇవ్వలేదు. ట్రైనింగ్ మధ్యలో వదిలేసి వస్తున్నాను. పదకొండు సాయంత్రం చాంగీలో దిగుతాను. నేరుగా సెంబవాంగ్ వస్తాను. హౌగాంగ్ ఇంటి తాళం నీ దగ్గరే ఉంచు.

పదో తారీకు మధ్యాహ్నం మూడో అంతస్తు ఏసీ ఆపి కిటికీలు తీస్తారు. పదకొండు రాత్రికి ట్యాంకు ఖాళీ చేస్తారు. పన్నెండు ఉదయం ఐదింటికి మూత తీసి పంపు వేస్తారు. తొమ్మిదింటికి బాబాయిని పూల్‌లోకి దించుతారు. కమిటీ పదింటికి వస్తుంది.

నిఖిల